నలభై ఒకటిలో అసిస్టెంట్ కావాలని

"150 మీటర్ల పొడవున్న రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, పట్టాల పక్కన ఉన్న స్తంభాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది?"

రైలు డ్రైవరు పక్కన ఉండే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం పరీక్షకు నన్ను చదివిస్తూ, మా పాప ఈ లెక్క చదివి నా మొహం వైపు చూసింది. నేను అడిగింది ఒకటే. "150 మీటర్ల రైలు ఎక్కడుందమ్మా?"

ఆరు పెట్టెలకే 150 మీటర్లు అయిపోతుంది. మా లైన్లో పోయే ఎక్స్‌ప్రెస్‌కు 24 పెట్టెలు ఉంటే ఆరు వందల మీటర్లకు దగ్గరగా వస్తుంది. పదహారేళ్లుగా పట్టాల పక్కన నిలబడి రైళ్లు పోనిస్తున్నాను, అంత పొట్టి రైలు నాకు కనబడలేదు. పాప పెన్సిల్ కింద పెట్టి, "నాన్నా, నీకు ఆన్సర్ కావాలా, రైలు కావాలా?" అంది. పదో తరగతి. వాళ్లమ్మ నోరే వచ్చింది.

ఆన్సర్ పది సెకన్లు. 54ను 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 15 మీటర్లు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అప్పట్లో ఈ 5/18 బుర్రకెక్కడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది.

నేను ముద్దనూరు దగ్గర కీమన్‌ని. గుత్తి నుంచి రేణిగుంటకు పోయే లైను, గుంతకల్లు డివిజన్. 1871లో మద్రాసును బొంబాయిని కలిపిన దారి ఇదే. కీమన్ అంటే బయటివాళ్లకు తెలీదు కాబట్టి చెప్తాను. పొద్దున్నే మా గ్యాంగ్‌కు ఇచ్చిన బీటు మొదట్లో బయల్దేరి, పట్టాను చూసుకుంటూ చివరిదాకా నడవాలి. వచ్చేటప్పుడు రెండో లైను చూసుకుంటూ రావాలి. భుజాన సుత్తి, స్పానర్, ఎర్ర జెండాలు, పచ్చ జెండా, సంచిలో డిటోనేటర్లు. క్లిప్పు ఊడిందా, బోల్టు వదులైందా, పట్టాకు పగులు వచ్చిందా, కంకర జారిందా అన్నదే చూపు. పట్టా విరిగి కనబడితే ఎదురు పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. రైలు వాటి మీదికెక్కితే పేలుతాయి, డ్రైవర్ ఆపుతాడు. నా సర్వీసులో రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ పరుగెత్తింది ఈ కాళ్లే, ఇప్పుడు మెట్లెక్కుతుంటే కటకటమనేదీ ఈ కాళ్లే.

నిజం చెప్పాలంటే ఈ కథంతా మోకాళ్ల దగ్గర మొదలైంది. చిన్నప్పటి నుంచి ఇంజను నడపాలని కల, గిల ఏమీ లేవు. ప్రొద్దుటూరులో ఐటీఐ ఫిట్టర్ చదివి, లేత్ షాపులో అయిదేళ్లు ఇనుప రజను మింగి, 2009లో గ్రూప్ డి వస్తే మా నాయన ఊరంతా కారంబూందీ పంచినాడు. గవర్నమెంటు ఉద్యోగం, ఇంటి పక్కనే, ఇంకేం కావాలి అనుకున్నాను. కంకర మీద నడక వేరు, నేల మీద నడక వేరు. కంకర మీద అడుగు వేసిన ప్రతిసారీ మడమ ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగుడును మోకాలు సరిచేసుకోవాలి. దీన్ని రోజుకు ఎన్ని వేల అడుగులు, ఎన్నేళ్లు అని లెక్కేస్తే అది మా పాప లెక్కల పుస్తకంలో లేని లెక్క.

రెండేళ్ల కిందట అక్టోబరులో తుఫాను వాన. రాత్రి పెట్రోలింగ్‌లో ఇద్దరం ఉన్నాం. సిగ్నల్ రాక ఒక బొగ్గు రేకు, అంటే బొగ్గు గూడ్సు బండి, మా పక్కనే ఆగింది, ఆర్‌టీపీపీ కరెంటు ఫ్యాక్టరీకి పోయేది. ఇంజను తలుపు తీసి అసిస్టెంట్ తల బయటపెట్టి, "అన్నా, ముందర నీళ్లేమైనా నిలబడ్డాయా?" అని అడిగాడు. లేవని చెప్పాను. యాస చూస్తే శ్రీకాకుళం వైపు. టార్చి వెలుతురులో చూస్తే జుట్టు సగం నెరిసి ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ అంటే పాతికేళ్ల పిల్లోళ్లే మాకు అలవాటు. ఉండబట్టలేక వయసు అడిగేశాను.

"నలభై అన్నా. నేనూ మీ లెక్కే, ట్రాక్‌మన్‌నే. జీడీసీఈలో వచ్చాను."

సిగ్నల్ పచ్చయింది, తలుపు మూసుకుంది, రేకు కదిలింది. చివరి వ్యాగను లైటు మలుపు తిరిగేదాకా నేను అక్కడే వానలో నిలబడ్డాను. మా జోడీ వాడు, "ఏంది బావా, అట్ల చూస్తాండావ్? దయ్యం పట్టిందా?" అన్నాడు.

జీడీసీఈ అంటే జనరల్ డిపార్ట్‌మెంటల్ కాంపిటీటివ్ ఎగ్జామ్. బయటివాళ్లతో నింపే ఖాళీల్లో కొంత వాటా, ఆల్రెడీ రైల్వేలో కింద ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పరీక్ష పెట్టి ఇస్తారు. బయటినుంచి వచ్చేవాళ్లకు రిజర్వేషన్ లేకపోతే అసిస్టెంట్ లోకో పైలట్ వయసు 30తో సరి. 2024 జనవరిలో 5,696 పోస్టులకు నోటిఫికేషన్ వేసినప్పుడు కోవిడ్ పేరు మీద 33 దాకా సడలించారు, తర్వాత పోస్టులను 18,799కి పెంచారు. మా అక్క కొడుకు దానికే రాశాడు. ఆ పుస్తకాలే ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి, పేజీల మధ్యలో వాడు తిన్న చెనిక్కాయల పొట్టుతో సహా. లోపలివాళ్లకు మాత్రం రిజర్వేషన్ లేకపోతే 42, ఓబీసీకి 45, ఎస్సీ ఎస్టీలకు 47. నేను మొదటి గుంపు. మా జీడీసీఈ నోటిఫికేషన్ వచ్చేనాటికి నాకు నలభై ఒకటి నిండి నాలుగు నెలలు. ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చేలోపు నేను దాటిపోతాను. ఆలోచించుకునే టైము కూడా ఇవ్వలేదు నాకు ఆ అంకె, ఒక రకంగా అది మంచిదే అయింది.

అప్లై చేసే ముందు కడపకు పోయాను. ఏడు రోడ్ల దగ్గర ఒక కళ్ల డాక్టరు ఉన్నారు, పెద్దాయన. ఎవరికీ చెప్పలేదు. లోకో పైలట్‌కు ఏ-వన్ మెడికల్. అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి, రంగులు తెలియాలి, రాత్రి చూపు ఉండాలి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్న కళ్లయితే అసలే పనికిరావు. పరీక్షంతా రాసి, పాసై, చివర్లో కంటి దగ్గర పోతే ఆ బాధ వేరు. ముందే తెలుసుకుంటే పోయేది ఫీజే కదా అనుకున్నాను.

నాకు భయం దూరం చూపు మీద కాదు. అర కిలోమీటరు దూరంలో పట్టా మీద మేక పడుకుందో గోనెసంచి పడుందో చెప్పడం నా కూలి. భయమంతా దగ్గర చూపు. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించమని మా ఆవిడ ఇస్తే చెయ్యి కొంచెం దూరం జరుగుతోంది. నేను జరపట్లేదు, చెయ్యే జరుగుతోంది. మా ఆవిడ చూసి ఊరుకుంది. ఊరుకుందంటే గమనించిందని అర్థం.

డాక్టరు అక్షరాల పలక చదివించారు. చుక్కల పుస్తకంలో అంకెలు చెప్పించారు. తర్వాత కళ్లముందు ఒక అద్దం పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నారు. అంతా మసక. గుండె జారిపోయింది. "కనబడట్లేదు సార్" అన్నాను, దొంగతనం ఒప్పుకున్నట్టు. ఆయన నవ్వారు. "కనబడకూడదు. ప్లస్ టూ అద్దం అది. దాంట్లోంచి స్పష్టంగా కనబడితే నీ కంట్లో దాక్కున్న పవర్ ఉన్నట్టు. మసకగా ఉంటేనే కన్ను బాగున్నట్టు." దీన్ని ఫాగింగ్ టెస్ట్ అంటారంట. దగ్గర చూపు కార్డు కూడా చదివాను, చివరి లైను దగ్గర కొంచెం నిదానించాను. ఆయన ఏదో రాసుకుంటూ, "ఇప్పటికి పర్లేదు. ఏడాది తర్వాత రాకు, ఇప్పుడే రాసెయ్" అన్నారు. బయటికొచ్చి కారం దోసె తిన్నాను, రెండు.

ఇంట్లో చెప్పింది ఆ రాత్రి.

డబ్బుల సంగతి మా ఆవిడ తొందరగానే తేల్చేసింది. అసిస్టెంట్ లోకో పైలట్‌ది లెవెల్ 2, 19,900 నుంచి మొదలు. నా సర్వీసుకు నేను ఇప్పటికే ఆ బేసిక్ దాటాను, అందుకని బేసిక్‌లో ఒరిగేది పెద్దగా లేదు. తేడా అంతా తిరిగిన కిలోమీటర్లకు ఇచ్చే అలవెన్సులో. "అయితే నువ్వు ఇంట్లో లేనందుకు డబ్బులు ఇస్తారు" అంది. అంతకంటే సరిగ్గా దాన్ని ఎవరూ చెప్పలేరు.

తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. గిన్నెలు సర్దుతూ అడిగింది. "ఆ సీట్లో కూర్చున్నాక, నీ ముందుకు ఎవరన్నా వస్తే?"

దీని గురించి కొంచెం చెప్పాలి. పట్టాల మీద మనిషి పడితే డ్రైవర్ వాకీటాకీలో కిలోమీటరు, స్తంభం నంబరు చెప్పి పోతాడు. స్టేషన్ నుంచి మాకు ఫోను వస్తుంది. పోలీసులు వచ్చేదాకా అక్కడ కాపలా ఉండేది మేము. రన్‌ఓవర్ కేసు అంటాం, అంత మామూలు మాటగా. అలాంటివి ఎన్ని చూశానో నేను లెక్క పెట్టుకోలేదు, కావాలనే పెట్టుకోలేదు. ఆ రోజు నేను ఇంటికొచ్చి పెరట్లో కొళాయి దగ్గరే స్నానం చేస్తాను, అన్నం తినను. మా ఆవిడ ఏమీ అడగదు, సంగటి ముద్ద మీద గిన్నె బోర్లించి పెడుతుంది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ ఆలోచించనిది ఏంటంటే, నాకు ముందు ఆ మనిషిని బతికుండగా చూసింది ఆ డ్రైవరు, ఆ అసిస్టెంటు. బ్రేకు లాగినా కొన్ని వందల మీటర్లు పోయాకగానీ రైలు ఆగదు. ఆ కొన్ని సెకన్లు వాళ్లిద్దరూ అద్దంలోంచి చూస్తూనే ఉండాలి. ఆ తర్వాత వచ్చేది నేను, తెల్లగుడ్డ పట్టుకుని. వాళ్ల పేర్లు కూడా నాకు తెలీవు, వాళ్లు ఆ రాత్రి అన్నం తిన్నారో లేదో అసలే తెలీదు.

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ఇప్పుడు చూడట్లేదా?" అన్నాను. "ఇప్పుడు అయిపోయాక చూస్తాండావు" అంది. ఫారం నింపేటప్పుడు మాత్రం పక్కనే కూర్చుని ఆధార్ నంబరు తనే చదివింది.

గ్యాంగ్‌లో దాచిపెట్టడం కుదరలేదు, సర్వీసు కాగితాల మీద సంతకాల కోసం తిరగాలి కదా. ఒక కాగితం ఒక బల్ల మీద పదకొండు రోజులు పడుకుంది. ఆ బల్ల ఎవరిదో వదిలేద్దాం. మా గ్యాంగ్‌ను నడిపే మేటు మాత్రం పెద్దమనిషి. "పోరా, ఎవుడైనా ఒకడు పైకెక్కితేగానీ కిందుండే మా బాధ ఆ ఇంజన్లలో తెలీదు" అన్నాడు. మిగతావాళ్లు రోజూ ఒకటే పాట. నేను బీటు నుంచి రాగానే, "డ్రైవర్ సారు వచ్చినాడు, జరగండ్రా" అని కంకర గంపలు పక్కకు జరపడం. ఒకడైతే నాకు ఈలలు ఊదడం మొదలుపెట్టాడు.

ఈల అంటే గుర్తొచ్చింది. గేటుకు ముందు పట్టాల పక్కన పసుపు పలక ఉంటుంది, డబ్ల్యూ ఎల్ అని రాసి. డ్రైవర్ అక్కడ హారన్ కొట్టాలి. మా బీటులో ఆ పలకలకు రంగు వేసేది మేమే. పదహారేళ్లుగా ఎవరికోసమో ఆ అక్షరాలు దిద్దుతున్నాను. కొండాపురం వైపు ఎక్కడ బర్రెలు పట్టా దాటుతాయి, ఏ మలుపులో చెట్టుకొమ్మ సిగ్నల్‌కు అడ్డం వస్తుంది, ఎండాకాలం పట్టా అరవై డిగ్రీలు దాటి కాలినప్పుడు ఏ చోట పక్కకు వంగడానికి చూస్తుంది, ఇవన్నీ నా అరికాళ్లకు తెలుసు. కొత్త డ్రైవర్‌కు ఏ సెక్షన్ ఇచ్చినా ముందు దారి నేర్చుకోవడానికని కొన్ని ట్రిప్పులు తిప్పుతారు. నాకు ఈ సెక్షన్ నేర్పాల్సిన పని లేదు అని గొప్పకు పోయాను ఒకసారి. మా అక్క కొడుకు అన్నాడు: "మామా, నీకు తెలిసింది గంటకు నాలుగు కిలోమీటర్ల స్పీడులో." వాడు చెప్పింది కరెక్టే. నేను అయిదు నిమిషాలు చూసే చోటును వాళ్లు పది సెకన్లలో దాటేస్తారు. 5/18 గుర్తుంది కదా.

ఇంకో మాట. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఇంజను లోపల కాలు పెట్టలేదు. ఎక్కనివ్వరు, నేను అడగలేదు. దాని కడుపు కింద భాగం మాత్రం బాగా తెలుసు.

పరీక్ష సెంటరు కర్నూలు బయట ఒక కాలేజీలో పడింది. ముందురోజు సాయంత్రమే బస్సెక్కాను. పొద్దున బస్టాండులో ఉగ్గాని బజ్జీ, తర్వాత ఆటో. అక్కడ క్యూ చూడాలి మీరు. అంతా మావాళ్లే. నల్లబడిన మెడలు, పగిలిన మడమలు, కొందరికి బట్టతల. ఒకాయన పాయింట్స్‌మన్ అంట, గుంతకల్లు. ఇంకొకాయన షెడ్‌లో హెల్పర్. ఎవరూ పుస్తకం తియ్యట్లేదు, అందరూ ఎవరి సెలవు ఎలా దొరికిందో చెప్పుకుంటున్నారు. ముగ్గురు రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చారు.

వేలిముద్ర మిషన్ దగ్గర క్యూ ఆగిపోయింది. ఎవరి ముద్రా పడటం లేదు. సుత్తి, గ్రీజు, కంకర, వీటితో వేళ్ల గీతలు అరిగిపోయి ఉన్నాయి. ఆ మిషన్ పట్టుకున్న అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయి, తడిగుడ్డతో తుడవమంటాడు, తల మీద రుద్దమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. నాకు ఎడమచేతి చిటికెన వేలితో పడింది. నా వెనకాయనకు ఏ వేలూ పడలేదు, చివరికి ఫొటో తీసుకుని పంపారు. అబ్బాయి బిత్తరపోయి, "అందరికీ ఇట్లే ఉందేంటి సార్?" అన్నాడు. ఎవరో వెనకనుంచి, "మా వేళ్లు డిపార్ట్‌మెంటుకు ఇచ్చేసినాం నాయనా" అన్నారు. ఆ క్యూలో ఉన్న టెన్షనంతా ఆ మాటతో పోయింది.

పేపరు ఎలా రాశానంటే, సైన్సు బాగా, లెక్కలు పర్లేదు, కరెంట్ అఫైర్స్ దేవుడికి వదిలేశాను. రైలు లెక్క వచ్చింది. ఈసారి రైలు పొడవు ఎంతని వాదన పెట్టుకోలేదు.

పోయిన నెల లిస్టులో నా నంబరు ఉంది. ఇప్పుడు మిగిలింది ఆప్టిట్యూడ్ టెస్ట్, దాని తర్వాత మెడికల్. ఈ ఆప్టిట్యూడ్‌లో నెగటివ్ మార్కులు ఉండవుగానీ, అన్ని భాగాల్లోనూ విడివిడిగా పాస్ కావాలి. గుర్తుపెట్టుకోవడం, చెప్పిన ప్రకారం చెయ్యడం, ఏకాగ్రత, కంటి వేగం, లోతు అంచనా. ప్రతిదాంట్లో కనీసం టీ-స్కోరు 42 రావాలి. ఈ 42 నన్ను వదిలేలా లేదు.

పాసై ట్రైనింగ్ అయితే నా పైన కూర్చునే లోకో పైలట్‌కు ముప్పై ఏళ్లు ఉండొచ్చు. నేను సిగ్నల్ రంగు గట్టిగా అరిచి చెయ్యి చూపించాలి, ఆయన తిరిగి చెప్పాలి. ఆయన్ను సార్ అనాలి. దీని గురించి మావాళ్లు నాకంటే ఎక్కువ బాధపడుతున్నారు. నాకు ఏమీ లేదు. పదహారేళ్లలో నాకంటే చిన్న ఇంజనీర్లు ఎంతమంది వచ్చి పోలేదు, అందర్నీ సార్ అన్నాను, కొందరు అందుకు తగినవాళ్లే. లెక్కేసుకుంటే రిటైర్ అయ్యేలోపు గూడ్స్ దాకా తప్పక వస్తాను, ప్యాసింజర్ రావొచ్చు, మెయిల్ ఎక్స్‌ప్రెస్ కుర్చీ నాకు దక్కదనుకుంటాను. బొగ్గు రేకు చాలు.

ప్రస్తుతం నన్ను ఏడిపిస్తున్నది ఇటుకలు. లోతు అంచనా టెస్టులో ఇటుకల దొంతి బొమ్మ ఇస్తారు. ఒక ఇటుక మీద ఏ అని ఉంటుంది. దానికి ఎన్ని ఇటుకలు తగులుతున్నాయో చెప్పాలి. స్లీపర్లు దొంతి పేర్చిన చెయ్యి కదా, ఇది నాదే అనుకున్నాను. నిన్న రాత్రి పాప టైము పెట్టింది. నేను అయిదు అన్నాను. జవాబు ఆరు. మళ్లీ చూశాను, అయిదే. "వెనక ఒకటి ఉంది నాన్నా, కనబడదు, కానీ ఉండకపోతే పైది పడిపోతుంది" అంది.

నమ్మబుద్ధి కాలేదు. బాత్రూం గోడకని తెచ్చిన ఇటుకలు పెరట్లో ఉంటే, టార్చి వెలుతురులో బొమ్మలో ఉన్నట్టే పేర్చడం మొదలుపెట్టాను. పదకొండు దాటింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, పొద్దున్నే బీటు ఉందని గుర్తు చేసింది. అయిదు ఇటుకలు తగిలించి పైది పెట్టగానే అది వెనక్కి ఒరిగి నా కాలి మీద పడింది. ఆమె లోపలినుంచి ఇంకో ఇటుక తీసుకొచ్చి నా చేతికిచ్చింది.